అగస్త్యుడు రాని ఏడాది

ఊళ్లోంచి ఉప్పుమడుల దాకా వెళ్లే సాయంత్రం బస్సుని ఏళ్ల తరబడి ఒకే డ్రైవరు నడిపాడు. బస్సులు మారాయి, డిపోకి మేనేజర్లు వచ్చారు, పోయారు, అతను మాత్రం ఆ రూటు వదల్లేదు. ఎండ తప్పించుకోవడానికని కొందరూ, ఆఖరి స్టాపులో టీకొట్టు అతను ఊరికే టీ పోస్తాడని కొందరూ అనేవారు. అసలు కారణం ఆ రోడ్డే. ఇటుక బట్టీలు దాటి వంతెన దిగాక అది గీత గీసినట్టు సూటిగా దక్షిణానికి సాగిపోతుంది. చూపుకి అడ్డం వచ్చే చెట్టు లేదు, మేడ లేదు. చలికాలం సగం గడిచేసరికి, చీకటి పడ్డ కాసేపటికి, ఆ రోడ్డు కొసన, బస్సు ముందద్దంలో ఒక నక్షత్రం వచ్చి నిలబడుతుంది. పైన ఎక్కడో ధగధగలాడే పెద్ద చుక్క ఒకటుంటుంది. దానికి బాగా దిగువన, నేలకి మరీ దూరం కాకుండా, తెల్లగా నిలకడగా వెలుగుతూ ఉంటుంది ఇది.

దాని పేరు అగస్త్యుడని అతనికి చెప్పింది స్టీరింగు నేర్పిన పాత డ్రైవరు. పూర్వం ఒక కొండ గర్వం తలకెక్కి రోజురోజుకీ పెరిగిపోయి సూర్యుడి దారికే అడ్డం వచ్చిందట. అగస్త్యుడనే ముని దక్షిణానికి వెళుతూ దాని ముందుకొచ్చాడు. ఆయనకి దారివ్వడానికి కొండ వంగింది. "నేను తిరిగొచ్చేదాకా ఇలాగే ఉండు" అని చెప్పి ఆయన వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. దక్షిణాన చుక్కై అక్కడే ఉండిపోయాడు.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు అతని బస్సు కండక్టరు పకపకా నవ్వాడు. "అయితే ఆ కొండకి నడుం పట్టేసి ఉంటుంది బావా, పాపం. ఎవరైనా వెళ్లి ఇక లేవమ్మా అని చెప్పొద్దూ?"

ఆ కండక్టరు డ్రైవరుకి స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు. నోరు ఊరుకోదని ప్రయాణికులు అతనికి చిలక అని పేరు పెట్టారు. తల్లి పోయేనాటికి అతను నిక్కర్లు కూడా సరిగ్గా వేసుకోలేని పిల్లాడు. అక్కే స్నానం పోసింది, అక్కే బడికి పంపింది, అక్కకి పెళ్లయితే ఆమె వెంట ఈ ఇంటికే వచ్చాడు. "అక్క ట్రంకుపెట్టెతో పాటు వచ్చిన సామాన్ని నేను. బావ సంతకం పెట్టి దించుకున్నాడు" అని తన గురించి తనే చెప్పుకునేవాడు. డ్రైవరే అతన్ని డిపోలో చేర్పించాడు. పెళ్లయ్యాక చిలక పక్క వీధిలో మేడ మీద గది తీసుకుని భార్యతో ఉంటున్నాడు గానీ, అక్క వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూడనిదే అతనికి రోజు గడిచేది కాదు.

ఏటా నక్షత్రం మొదటిసారి కనపడిన సాయంత్రం డ్రైవరు ఒక్కసారి హారన్ కొట్టేవాడు. చిలక వెనక నుంచి అందుకునేవాడు. "అగస్త్యుడు ఎక్కాడహో! టికెట్టు తీసుకోలేదు, పెద్దాయన కదా, చూసీ చూడనట్టు ఊరుకోండి!"

రోజూ అదే బస్సులో వెళ్లే టీచరమ్మ ఒకావిడ, దాన్ని కానోపస్ అంటారని, రాత్రి చుక్కలన్నిట్లో వెలుగులో రెండో స్థానం దానిదని చెప్పింది.

"మీ బళ్లో ఏ పేరైనా పిలవండి టీచరుగారూ. మా బండిలో హాజరు మాత్రం అగస్త్యుడి పేరు మీదే" అన్నాడు చిలక. ఆవిడా నవ్వేసింది.

ఆ చలికాలం హారన్ మోగలేదు.

*

ముందుగా పసిగట్టింది డ్రైవరు భార్య. ఆమె ఆస్పత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. వారానికొక్కసారి ఆయన సెలవు రోజున, సాయంత్రం ఇంటికొచ్చి దీపాలు వెలిగించకముందే ఆయనకి మంచినీళ్లు ఇవ్వడం ఆమెకి అలవాటు. అలాంటి ఒక సెలవు రోజున ఆయనే కూజా అందుకుని వంచుకున్నాడు. నీళ్లు గ్లాసులో పడలేదు. గ్లాసు పక్కన బల్ల మీద పడి, అంచు దాకా పారి, ఆయన కాళ్ల మీద కారాయి. ఆయన ఉలిక్కిపడి, "దీపం వెయ్యకూడదూ?" అని విసుక్కున్నాడు. దీపం వేస్తే, "ఈ బల్బులో వెలుగే లేదు" అన్నాడు. బల్బు మార్చినా అదే మాట. గడప తగిలి రెండుసార్లు తూలాడు. గోడకి చెయ్యి ఆనించి నడవడం ఆయనకి తెలియకుండానే అలవాటైంది.

పగలు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పేపరులో చిన్న అక్షరాలు కళ్లజోడు లేకుండా చదివేవాడు. డిపోలో ఏటా చేసే కంటి పరీక్షలో కిటికీ పక్కన నిలబెట్టి బోర్డు చూపిస్తే ఆఖరి వరస దాకా గడగడా అప్పగించాడు. ఆ కాగితం తెచ్చి భార్యకి చూపించి, "చూశావా, గద్ద కళ్లు" అన్నాడు.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చుంటూ, "ఈ ఏడు అగస్త్యుడింకా రాలేదు చూశావా? ఎప్పుడూ ఈపాటికి వచ్చేసేవాడు" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ముందురోజు పని ముగిశాక గాలికోసం లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఎదురుగా గోదాముల కప్పుల పైన, ఆ నక్షత్రాన్ని ఆమె కళ్లారా చూసింది. ఈయన హారన్ కొట్టే ఉంటాడని తనలో తను నవ్వుకుంది కూడా.

"రాకేం, వస్తాడులెండి" అని వడ్డించింది.

మర్నాడు పొద్దున్న తమ్ముడు లాండ్రీకే వచ్చాడు. మధ్యాహ్నం దాకా అతనికి డ్యూటీ లేదు. ఆమె ఆవిరి ఇస్త్రీపెట్టె దగ్గర ఒంటరిగా దుప్పట్లు మడతపెడుతోంది. అతను ఏమీ అనకుండా దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ చేతులు చాపి, దగ్గరికి వచ్చి, అంచులు కలిపి, మళ్లీ వెనక్కి నడుస్తూ మడతలు పెట్టారు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో దుప్పట్లు వాళ్లిద్దరూ అలాగే మడతపెట్టేవారు.

"అక్కా, బావకి కనపడట్లేదు" అన్నాడు కాసేపటికి.

"తెలుసు."

"మొన్న నన్నడిగాడు, నీకేమైనా కనిపిస్తోందా అని. ఎదురుగా దీపంలా ఉంది. వేలెత్తి చూపించబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయి, సరిగ్గా చూళ్లేదు బావా అన్నాను. నిన్న వంతెన దగ్గర సైకిలుని ఆనుకునేంత దగ్గరగా వెళ్లాడు. నేను అరిచాను కాబట్టి సరిపోయింది. రేచీకటి అక్కా ఇది. డాక్టరుకి చూపించాలి."

"చూపిస్తే ఏమవుతుంది?"

"బండి మీంచి దింపేస్తారు. దింపితే దింపనీ!"

ఆమె ఇంకో దుప్పటి అందుకుంది. చెయ్యి పడిపోయిన ఒక డ్రైవరుని అంతకు ముందు ఏడాది డిపో గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చిన భర్త చొక్కా విప్పకుండా చాలాసేపు మంచం మీద కూర్చుని, "మనిషి కుర్చీలో ఉన్నాడు గానీ లోపల ఎవరూ లేరు" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడి ఉంది. తన భర్తని ఆ కుర్చీలో ఊహించుకోవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

"ఎండాకాలం రాగానే డ్యూటీలు మారుస్తారు కదా" అంది చివరికి. "అప్పుడు పగటి బండి అడిగి వేయించుకుందాం. పగలు ఆయన చూపుకి ఢోకా లేదు. నిదానంగా మనమే డాక్టరు దగ్గరికి తీసుకెళదాం. ఇప్పుడొక్కసారిగా నీకు కళ్లు పోతున్నాయంటే తట్టుకోలేడురా."

"అప్పటిదాకా?"

"మంచు పట్టిందని చెప్పు."

"ఏంటీ?"

"ఆకాశం అంచున అంతా మంచుగా ఉందని, నీకూ కనపడట్లేదని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

తమ్ముడు దుప్పటి కొస వదలకుండా నిలబడిపోయాడు. "అక్కా, బండి నిండా జనం ఉంటారు."

"నువ్వు పక్కనే ఉంటావుగా? టికెట్లు ఊళ్లోనే కొట్టేసి, వంతెన దాటాక ముందుకొచ్చి నిలబడు. నీ కళ్లతో చూసి చెబుతూ ఉండు. రెండు నెలలే కదరా. నాకోసం."

ఆ 'నాకోసం' అన్న మాట ఆమె తమ్ముడితో అంతకు ముందు ఎప్పుడూ అనలేదు. అతను తల వంచుకుని మడత పూర్తి చేశాడు. అంచులు కలవలేదు. ఆమె విప్పి మళ్లీ పెడదామంటే, "ఉండనీ అక్కా, ఎవడు చూడొచ్చాడు" అని ఆ దొంతర మీద పడేసి వెళ్లిపోయాడు.

*

అక్కడి నుంచీ చిలక తీరు మారింది. వంతెన దాటేసరికి డ్రైవరు సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. ఊరికే కబుర్లు చెబుతున్నట్టే చెబుతూ మధ్యలో, "అదిగో బావా, ఎడమ పక్క బండెవడో ఆపుకున్నాడు," "కొంచెం కుడికి, ముసలాయన నడిచొస్తున్నాడు" అని అందించేవాడు.

"ఏంట్రా, నాకు డ్రైవింగు నేర్పుతున్నావా?" అనేవాడు డ్రైవరు.

"నీ శిష్యుణ్ణే కదా. గురువుకి అప్పగిస్తున్నా."

సూటి రోడ్డు ఎక్కాక డ్రైవరు రోజూ ఒకే ప్రశ్న వేసేవాడు. "ఏరా, కనిపిస్తోందా?"

చిలక ముందద్దంలోకి తొంగి చూసేవాడు. నక్షత్రం కళ్లెదురుగా ఉండేది. "లేదు బావా. కింద అంతా మంచే."

"పైన పెద్ద చుక్క మసకమసగ్గా ఉన్నట్టే ఉంది మరి."

"పైన బాగానే ఉంది. కిందే మంచు."

"వస్తాడులే. ఎక్కడికి పోతాడు!" అని డ్రైవరు గేరు మార్చేవాడు. బావ గొంతులో ఆ నిశ్చింత వింటుంటే చిలకకి ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి అక్క ఇంటికొచ్చి గిన్నెల మూతలేవీ తీయకుండా గుమ్మంలోనే నిలబడి, "నావల్ల కావట్లేదే" అన్నాడు. ఆమె అతని వీపు నిమిరి, "ఇంకెంత, ఇదిగో ఎండలు ముదురుతున్నాయి" అంది.

ఉప్పుమడుల దగ్గర ఆఖరి స్టాపులో బస్సుని వెనక్కి తిప్పుకోవాలి. ఒక పక్క ఉప్పు తూచే షెడ్డు గోడ, ఇంకో పక్క బస్తాల వరస. మధ్యలో బస్సు పట్టేంతే జాగా. చిలక దిగి వెనక నిలబడి విజిలు ఊదుతూ రానిచ్చేవాడు. షెడ్డు మీద ఒక దీపం ఉండేది. ఒక రోజు అది వెలగలేదు.

తర్వాత టీకొట్టు అతను చెప్పినదాన్ని బట్టి ఏం జరిగిందో అందరికీ తెలిసింది. ప్రయాణికులు దిగిపోయారు. చిలక వెనక్కి వెళ్లి, రమ్మని విజిలు ఊదాడు. బస్సు కదిలింది. అప్పుడే గోడ వార ఎవరో ముసలావిడ దించుకుని మరిచిపోయిన మూట చక్రం దారిలో కనిపించింది. పాపం ఆవిడ సామాను నలిగిపోతుందని చిలక వంగి దాన్ని లాగబోయాడు. ముడి దేనికో చిక్కుకుంది. రెండు చేతులతో లాగుతున్నాడు. విజిలు నోట్లోంచి జారి మెడలో వేలాడుతోంది. "నేను కొట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఖాకీ చొక్కాయే. అయినా అంత దూరం నుంచి నాకు కనపడ్డాడు. ఆగమని అరిచాను" అన్నాడు టీకొట్టు అతను. ఇంజను మోతలో ఆ అరుపు డ్రైవరుకి వినపడలేదు. పక్కద్దంలో అతనికి ఉన్నదంతా నలుపే. రమ్మన్న విజిలు విన్నాడు, ఆగమన్న విజిలు వినలేదు, అందుకని వచ్చాడు.

ఏదో మెత్తగా అడ్డం తగిలినట్టయి బ్రేకు తొక్కి దిగాడు. గోడకీ బస్సుకీ మధ్య చేతులతో తడుముకుంటూ వెళ్లాడు. చిలక కళ్లు తెరిచే ఉన్నాడు.

"హ్యాండ్ బ్రేకు వేశావా బావా?" అన్నాడు.

"వేశాను రా, వేశాను."

ఉప్పు కంపెనీ జీపులో ఆస్పత్రికి తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. జీపు ఇటుక బట్టీల దాకా కూడా రాలేదు. తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్న డ్రైవరు, ఆస్పత్రి వాళ్లు వచ్చి దించేదాకా, "పడుకున్నాడు, నెమ్మదిగా పోనీ" అని జీపు అతనికి చెబుతూనే ఉన్నాడట.

*

దహనం అయ్యాక డిపోలో విచారణ పెట్టారు. డ్రైవరుని కంటి ఆస్పత్రికి పంపి, చీకటి గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేయించారు. కంటి లోపలి పొర చాలా కాలంగా ఎండిపోతోందని, చీకట్లో చూపు దాదాపు లేదని, పక్క చూపు కూడా నానాటికీ ముడుచుకుపోతోందని డాక్టరు రాసిచ్చింది. దీనికి మందు లేదంది.

విచారణ రోజున భార్య వెంట వెళ్లింది. మేనేజరు గదిలో పెద్ద బల్ల, దాని వెనక పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి. గోడవార బెంచీ మీద చిలక భార్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం గుర్తు పట్టలేకుండా ఉంది.

"మీకు రాత్రిళ్లు దారి కనపడట్లేదని ముందు తెలీదా?" అని అధికారి అడిగాడు.

"కనపడేది సార్. ఈ ఏడు మంచు బాగా పట్టింది, అంతే. నక్షత్రాలు కూడా కనపడలేదు. నేనొక్కణ్ణే అనడం లేదు, మా బావమరిది రోజూ చూసి చెప్పేవాడు. కావాలంటే వాణ్ణి అడగం..."

మాట మధ్యలో ఆగిపోయింది. అధికారి కలం కింద పెట్టేశాడు. భార్యకి ఆ క్షణాన భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. అయినా పెదవి విప్పలేదు. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే తగిన చోటు మళ్లీ దొరకదని తెలిసి కూడా విప్పలేదు.

బయటికి రాగానే చిలక భార్య వరండాలో ఆమెని ఆపింది. "వదినా, ఒక మాట. అన్నయ్య మంచు అంటున్నారు. మంచెక్కడుంది? ఆయన సెలవు రోజున నన్ను మేడ మీదకి తీసుకెళ్లి ఆ నక్షత్రం చూపించారు. చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఎందుకలా ఉన్నారంటే ఏం లేదన్నారు. మరి అన్నయ్యకి కనపడట్లేదని ఎందుకు చెప్పారు?"

ఆమె వరండా స్తంభం పట్టుకుంది. "నేనే చెప్పించాను" అంది. దుప్పట్లు మడతపెట్టిన పొద్దుటి నుంచీ జరిగినదంతా ఏ మాటా దాచకుండా చెప్పేసింది.

చిలక భార్య అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చివరిదాకా విని, "ఆయన వద్దనలేదా?" అంది.

"అన్నాడు. నాకోసం చెయ్యమన్నాను."

"మీకోసం అంటే ఆయన బావిలో దూకేవారు. ఆ సంగతి మీకు తెలుసు." పైట భుజం చుట్టూ లాక్కుని, "నేను బస్సులో వెళ్లను, నడిచే వెళతాను. మీరు వెళ్లండి" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం డ్రైవరు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏమండీ, మంచు లేదు."

"ఏంటి?"

"ఈ ఏడు మంచు పట్టలేదు. అగస్త్యుడు ఎప్పటిలాగే వచ్చాడు. మీకు కనపడలేదు. మంచని చెప్పమని తమ్ముడికి నేనే చెప్పాను."

డ్రైవరు ఆమె మాట వచ్చిన వైపుకి తల తిప్పాడు. ఆ మసక వెలుతురులో తను అతనికి కనపడటం లేదని ఆమెకి తెలుసు.

"అంటే రోజూ ఉన్నాడా?"

"రోజూ ఉన్నాడు."

"నేను అడిగినప్పుడల్లా?"

"మీరు అడిగినప్పుడల్లా."

అతను రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే తడుముకుంటూ ఉండిపోయాడు. వీధిలో ఎవరో పిల్లల్ని ఇంట్లోకి పిలుస్తున్నారు. కాసేపటికి, "వాడు పక్కన నిలబడి కబుర్లు చెబుతుంటే వీడికింత ప్రేమేంటా అనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత, "నాకు చెప్పి ఉంటే బండి దిగిపోయేవాణ్ణి కదే" అన్నాడు.

ఆమె ఏడుస్తోంది. "నిజంగా దిగేవారా?"

"ఏమో. ఇప్పుడు దిగేవాణ్ణనడం సులువు. గ్లాసు పక్కన నీళ్లు పోసుకున్నప్పుడు నాకు తెలీలేదంటావా? తెలుసు. నెపం బల్బు మీద పెట్టాను. నువ్వు మంచు మీద పెట్టావు." లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ రోజు ఇద్దరిలో ఎవరూ భోజనం చేయలేదు.

మర్నాడు తనే డిపోకి తీసుకెళ్లమన్నాడు. అధికారి ముందు నిలబడి, మంచు సంగతి అబద్ధమని, తన చూపు పోతున్నట్టు తనకి అనుమానం ఉండి కూడా బండి ఎక్కానని చెప్పాడు. "మా బావమరిది తప్పేమీ లేదు సార్. వాడి పేరు మీద ఏమీ రాయకండి" అన్నాడు. భార్య ముందుకొచ్చి తన సంగతీ చెప్పింది. అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇది మీరు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. డ్రైవరు లైసెన్సు రద్దయింది, ఉద్యోగం పోయింది. కోర్టులో కేసు నడిచింది, శిక్ష పడింది. కళ్ల సంగతి చూసి తక్కువ కాలానికే వేశారు. లోపల ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్లిన భార్యతో అతను ఇంటి సంగతులేవీ అడిగేవాడు కాదు. "పక్క వీధికి వెళ్లావా?" అని మాత్రం అడిగేవాడు.

ఆమె వెళ్లేది. మేడ మెట్ల కింద దాకా వెళ్లి, పైన దీపం వెలుగుతోందో లేదో చూసి తిరిగొచ్చేది. ఒకసారి ధైర్యం చేసి పైకెక్కి తలుపు తట్టింది. చిలక భార్య తలుపు తీసి, ఆమెని చూసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి డ్రైవరు భార్యే వెనుదిరిగి మెట్లు దిగింది.

*

డ్రైవరు తిరిగొచ్చేసరికి పగటి చూపు కూడా బాగా తగ్గింది. ఎదురుగా ఉన్నది, గొట్టంలోంచి చూసినట్టు, ఒక ముక్క కనపడుతుందనేవాడు. లాండ్రీ యజమానిని అడిగి భార్య అతనికీ అక్కడే పని ఇప్పించింది. దుప్పటి రెండో కొస పట్టుకోవడం అతని పని. మడత పెట్టడానికి చూపు అంతగా అక్కర్లేదు. కొసలు దొరికించుకుంటే చాలు. మొదట్లో అంచులు కలిసేవి కావు. ఆమె విసుక్కోకుండా విప్పి మళ్లీ పెట్టేది. రోజంతా అలా దగ్గరికి వస్తూ, దూరం వెళుతూ ఉండేవారు. ఎక్కువ మాటలు లేవు. కోపం ఉందా, పోయిందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. అతను చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "తలుపు గడియ వేశావా?" అని ఇదివరకటి లాగే అడిగేవాడు, ఆమె వేశానని చెప్పేది.

ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి డిపోలో పని ఇస్తారు. చిలక భార్యకి అలా కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఏ రూటు వేశారో ఎవరూ చెప్పలేదు. ఆ ఇంటి కబురు ఈ ఇంటికి చేరవేసేవాళ్లెవరూ మిగల్లేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం పని అయ్యాక డ్రైవరుకి జ్వరంగా ఉండటంతో ఎప్పటిలా నడవకుండా బస్సెక్కారు. బస్సు కిటకిటలాడుతోంది. వెనక తలుపు దగ్గరే అతన్ని కడ్డీ పట్టించి నిలబెట్టింది ఆమె. టికెట్లు కొడుతూ జనంలోంచి కండక్టరు దగ్గరికొచ్చింది. ఖాకీ చొక్కా, బిగించి కట్టిన జుట్టు.

చిలక భార్య ముందు ఆమెని చూసింది, తర్వాత కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్న అతన్ని చూసింది. వదిన చాపిన డబ్బు తీసుకుని, మిషను నొక్కి రెండు టికెట్లు చేతిలో పెట్టింది. చిల్లర సరిగ్గా లెక్కచూసి ఇచ్చింది. పక్క సీట్లో కూర్చున్న కుర్రాణ్ణి భుజం తట్టి లేపి, ఖాళీ అయిన సీటు వాళ్లకి చూపుతూ, "కొంచెం లోపలికి జరగండి" అని ముందుకి వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి తిరగలేదు.

భార్య అతన్ని ఆ సీట్లో కూర్చోబెట్టింది. దిగాల్సిన చోట దిగి, వాన నీళ్లు నిలిచిన సందులోంచి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే అతను అడిగాడు.

"కండక్టరు తనే కదూ? గొంతు విన్నాను."

"అవును."

"ఏమన్నా మాట్లాడిందా నీతో?"

"జరగండి అంది."

అతను కొంచెం దూరం నడిచాడు. నీళ్లగుంట ఉందని ఆమె చెయ్యి నొక్కి చెబితే ఆగి, పక్కకి అడుగు వేశాడు.

"పోన్లే" అన్నాడు. "అదీ మాటే."